ఖొరాసాన్ ఉత్తరాలూ, డీన్ గారి మెయిళ్ళూ

మా తెలుగు సంఘం వాళ్ళు ఈసారి సంచికకి "కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి పనికొచ్చేది ఏదైనా రాయండి అంకుల్" అన్నారు. వాళ్ళ ఉద్దేశం నాకు తెలుసు. ప్రమోషన్ ఎలా తెచ్చుకోవాలి, మేనేజరుతో ఎలా నెగ్గుకు రావాలి, అలాంటివి. వాటి గురించి నాకు తెలిసింది సున్నా. నాకు తెలిసిందల్లా ఒక సామ్రాజ్యం ఎలా కూలిపోయిందన్నదే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే చెప్పి బతికాను. చివరికి అదే పద్ధతిలో నేనూ కూలాను. కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను, పనికొస్తే మీ అదృష్టం.

కాపురం టొరంటో దగ్గర గ్వెల్ఫ్‌లో, ఉద్యోగం పక్కనే కిచెనర్ వైపు ఒక చిన్న కాలేజీలో. దాని పేరు చెప్పను. చెప్పినా నా డిపార్ట్‌మెంటు ఇప్పుడు అక్కడ లేదు. నేను చెప్పింది చరిత్ర, అందులోనూ తొలినాటి ఇస్లామిక్ సామ్రాజ్యాలు. గుంటూరు వాడు అరబ్బుల చరిత్రలోకి ఎలా వచ్చాడని అడక్కండి. హైదరాబాదులో ఎకనామిక్స్ సీటుకి వెళితే చరిత్రలో ఖాళీ ఉందన్నారు, అక్కడి మాస్టారు అరబిక్ వచ్చినాయన, ఆయన వెనకాల నడిచాను, అంతే. ఇక్కడ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఐటీ కుర్రాళ్ళు "మీది ఏ డొమైన్ అంకుల్?" అనేవాళ్ళు. "ఖలీఫాలు" అనేవాణ్ణి. ఒకబ్బాయి కాసేపు ఆలోచించి "ఓ, గల్ఫ్ క్లయింట్సా?" అన్నాడు. అవునన్నాను. ప్లేటులో గారెలు చల్లారిపోతున్నాయి మరి.

నా కోర్సుకి ప్రాణం ఉమయ్యద్ సామ్రాజ్య పతనం. డమాస్కస్ రాజధాని. ఇటు మన సింధు నది నుంచి అటు స్పెయిన్ దాకా పాలించారు. అంత పెద్ద రాజ్యం నూరేళ్ళు కూడా పూర్తిగా నిలవలేదు. ఎందుకంటే కారణాలు బోలెడు: ఉత్తరాది అరబ్బులకీ దక్షిణాది అరబ్బులకీ పడదు, కొత్తగా మతంలో చేరినవాళ్ళకి మర్యాద దక్కదు, వారసుల్లో వారికే తగాదాలు. ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయి. నాకు ఇష్టమైన ఘట్టం మాత్రం ఖొరాసాన్ గవర్నరుది. ఖొరాసాన్ అంటే రాజ్యానికి తూర్పు కొస. అక్కడ తిరుగుబాటు నివురుగప్పిన నిప్పులా ఉందని ఆ ముసలి గవర్నరు పసిగట్టాడు. సైన్యం పంపండి మహాప్రభో అని రాజధానికి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. రాజధానిలో ఖలీఫాకి ఇంటి పక్కనే ఇంకో నాలుగు తగాదాలున్నాయి. అక్కడున్నవాడివి నువ్వే కాబట్టి నువ్వే చూసుకో అన్నట్టు జవాబు పంపి ఊరుకున్నాడు. అట్నుంచి నల్లజెండాలతో అబ్బాసీలనే తిరుగుబాటు వంశం వాళ్ళు వచ్చారు, ఉమయ్యద్‌లు పోయారు.

ఈ ఘట్టం చెప్పేటప్పుడు నేను బల్ల మీద చెయ్యి చరిచేవాణ్ణి. "వచ్చిన ఉత్తరం చదవనివాడికి రాజ్యమెందుకు?" అని ప్రతి ఏడూ అడిగేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళల్లో ఎవరికైనా నా మెయిల్ బాక్సు చూపించి ఉంటే ఇంకా గట్టిగా నవ్వేవాళ్ళు.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చేయాలి. నా కోర్సుకి ట్యుటోరియల్స్ చెప్పడానికి ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ అమ్మాయి, వాళ్ళ నాన్నగారు సర్కారు బళ్ళో ఉర్దూ మాస్టారు. అమెరికాలో పీహెచ్‌డీ చేసి ఇటు వచ్చింది. అరబిక్ నాకంటే బాగా వచ్చు. నా తప్పులు క్లాసులో దిద్దేది కాదు, బయట కారిడార్లో దిద్దేది, అంత మర్యాద. ఆమెది ఏడాదికేడాది కాంట్రాక్టు. ఆ కాంట్రాక్టు నా కోర్సు మీద ఆధారపడింది, ఆమె వర్క్ పర్మిట్ ఆ కాంట్రాక్టు మీద ఆధారపడింది. పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, దాని అప్లికేషన్ మధ్యలో ఉంది. కోర్సు ఆగితే పర్మిట్ ఆగుతుంది, పర్మిట్ ఆగితే ఆమె సామాను సర్దుకోవాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో వినండి.

ఆ ఏడు చలికాలం చివర్లో డీన్ గారి దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. డీన్ ఆవిడ చాలా నెమ్మదస్తురాలు, తలుపు కూడా చప్పుడు లేకుండా వేసేది. డిపార్ట్‌మెంట్ల భవిష్యత్తు గురించి కొన్ని ఆలోచనలు చేస్తున్నాం, ఫలానా రోజు కూర్చుంటున్నాం, మీకు వీలైతే రండి, మీ అభిప్రాయం వినడం మాకు సంతోషం అని రాసింది. చదివి పక్కన పెట్టాను. వారానికి ఇంకోటి వచ్చింది: ఊరికే ఒకసారి గుర్తుచేద్దామని రాస్తున్నాను అని. దాన్ని కూడా పక్కన పెట్టాను. మూడోది వచ్చింది: మీకు కుదరకపోతే ఏమీ అనుకోము, కుదిరితే మాత్రం చాలా బాగుంటుంది అని. "ఏమీ అనుకోము" అన్న దగ్గర నా మనసు కుదుటపడింది. ఎంత మర్యాదస్తురాలు అనుకున్నాను.

మీకు నవ్వొస్తుందేమో గానీ, నేను పెరిగిన పద్ధతి అది. మా ఇంట్లో పెళ్ళి పిలుపంటే మనిషి రావాలి. కుంకుమ భరిణె పట్టుకుని గడప తొక్కి, బొట్టు పెట్టి, "మీరు రాకపోతే పీటల మీద కూర్చోం" అనాలి. పోస్టులో కార్డు వస్తే అది వార్త, పిలుపు కాదు. మా నాన్న సొంత పిన్నికొడుకు పెళ్ళికి వెళ్ళలేదు, కార్డు మాత్రమే వచ్చిందని. ఆ తర్వాత రెండిళ్ళకీ చాలా ఏళ్ళు మాటల్లేవు, ఆయన దాన్ని గొప్పగానే చెప్పుకునేవాడు. ఆ రక్తమే కదా నాది. "వీలైతే రండి" అని ఎవరైనా అన్నారంటే, రాకపోయినా ఫర్వాలేదని అర్థం. మన వైపు ఎవరినడిగినా అదే చెబుతారు.

ఆ వరంగల్ అమ్మాయి నా గదికి వచ్చింది. "సార్, ఆ మీటింగ్‌కి పోదాం. డిపార్ట్‌మెంటు కలిపేస్తరని అంటున్నరు."

"ఎవరన్నారమ్మా?"

"కాపీ మెషీన్ దగ్గర అందరూ అంటున్నరు సార్."

"కాపీ మెషీన్ దగ్గర మాటలు నమ్మితే చరిత్రకారులం ఎలా అవుతాం? అసలంత ముఖ్యమైన పనైతే డీన్ గారే వచ్చి చెప్పదా? వీలైతే అంది. అంటే పెద్ద విశేషమేమీ లేదని."

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. రెండు రోజులాగి మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. "సార్, నేను కాంట్రాక్టు దాన్ని, నన్ను పిలవలేదు. పిలిచిన్రు మిమ్మల్నే. నా తరఫున అయినా పోండ్రి." అని, పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "నా పరిస్థితి ఖొరాసాన్ గవర్నర్ లెక్క అయింది సార్" అంది. నేను నవ్వాను. బాగా అన్నావమ్మా, ఈ మాట రేపు క్లాసులో చెబుతాను అన్నాను. చెప్పాను కూడా.

మీటింగు ఏ గంటకి జరిగిందో ఆ గంటకి నేను క్లాసులో బల్ల మీద చెయ్యి చరుస్తున్నాను. వచ్చిన ఉత్తరం చదవనివాడికి రాజ్యమెందుకు? పిల్లలు ఎప్పట్లాగే నవ్వారు. ఆ అమ్మాయి వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదని ఆ రోజు నేను గమనించలేదు, తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు ప్రకటన వచ్చింది. చరిత్ర విభాగాన్ని మార్కెటింగ్ వాళ్ళతో కలిపి అంతర్జాతీయ వ్యాపార సంస్కృతుల విభాగం అని ఒకటి చేశారు. దానికి హెడ్డు మార్కెటింగ్ ప్రొఫెసరు. కింద మూసేసే కోర్సుల జాబితా. మూసేస్తున్నాం అని రాయలేదు, ఇక్కడ అలా రాయరు. ఈ కోర్సులని సన్‌సెట్ చేస్తున్నాం అని రాశారు. జాబితాలో మొదటి పేరే నా సామ్రాజ్యానిది. స్పెయిన్ నుంచి సింధు దాకా ఒక్క లైనులో సూర్యాస్తమయం.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. కోపంగా వచ్చినా బాగుండేది. "పర్మిట్ ఆగస్టు దాకా ఉంది సార్, అప్పటిదాకా ఏదో ఒకటి చూస్త" అని నా పుస్తకాలు రెండు తిరిగి ఇచ్చేసి వెళ్ళింది. అందులో ఒకటి నేను ఆమెనే ఉంచుకొమ్మని ఇచ్చినది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. కొంచెం నా వైపు మొగ్గేలాగే చెప్పాను. "వీళ్ళకి మనిషిని పిలవడం కూడా చేతకాదు. మెయిల్ రాసి ఊరుకుంటే ఎవరొస్తారు? మనిషి వచ్చి చెప్పాలి కదా?"

మా ఆవిడ పప్పు మెదుపుతోంది. గుత్తి ఆపకుండానే అంది: "ఆ పిల్ల రెండుసార్లు వచ్చిందన్నారుగా. అది మనిషి కాదా? ఇంకెవరు రావాలండీ మీకు?"

నా ఉద్యోగ జీవితంలో నా వాదాలని విమర్శించిన పండితులు కొందరున్నారు. ఒక్కడూ ఇంత తక్కువ మాటల్లో నన్ను పడగొట్టలేదు. నా పద్ధతి ప్రకారమే, నా గడప తొక్కి, నా మొహం మీదే, రెండుసార్లు పిలుపు వచ్చింది. బొట్టు ఒక్కటే తక్కువ. ఆ రాత్రి పప్పు కూడా సయించలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"మనకి తెలిసింది ఒక్కటే కదా. పోయి పిలుద్దాం. భోజనానికి."

మర్నాడు మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె, సున్నుండల డబ్బా తీసుకుని నాతో కాలేజీకి వచ్చింది. పైన చలికోటు, కాళ్ళకి మంచు బూట్లు. డీన్ గారి గదికి వెళ్ళాం. మా ఆవిడ తిన్నగా పోయి ఆవిడకి బొట్టు పెట్టి, "ఆదివారం మీరు మా ఇంటికి భోజనానికి రావాలి. రాకపోతే మేము చాలా బాధపడతాం" అంది. ఇంగ్లీషులోనే అంది, కానీ భావం పూర్తిగా తన పుట్టిల్లు తెనాలిదే. డీన్ గారు కొంచెం బెదిరింది. రాకపోతే బాధపడతాం అన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ అనరు. వస్తాను, తప్పకుండా వస్తాను అని రెండుసార్లు అంది. కొత్త హెడ్డు మార్కెటింగ్ ప్రొఫెసరు అప్పుడే ఏదో కాగితంతో లోపలికి వచ్చాడు. దూలంలాంటి మనిషి, కాలేజీ రోజుల్లో హాకీ ఆడి ముక్కు విరగ్గొట్టుకున్నవాడు. ఆయన్నీ పిలిచింది. డీన్ గారి నుదుట బొట్టు చూసి, "నాకు లేదా?" అన్నాడు. ఆయనకీ పెట్టింది. ఇద్దరూ ఆ బొట్లతోనే బడ్జెట్ మీటింగుకి వెళ్ళారని తర్వాత తెలిసింది.

ఆదివారం వచ్చారు. వరంగల్ అమ్మాయినీ పిలిచాం. ముద్దపప్పు, గోంగూర, గుత్తివంకాయ, పులిహోర, చారు, అన్నీ చేసింది మా ఆవిడ. కొసరి కొసరి వడ్డించడం మొదలుపెట్టింది. మార్కెటింగ్ ఆయన చాలు అంటే ఒక గరిటె, చాలా బాగుంది అంటే రెండు గరిటెలు. ఆయన ఇంతకీ ఏ మాట అంటే వడ్డన ఆగుతుందో కనుక్కోలేక చెమటలు పడుతున్నాడు. మాట మారుద్దామని కాబోలు, "మీ కోర్సులో అన్నిటికంటే ఆసక్తికరమైన ఘట్టం ఏమిటి?" అని అడిగాడు.

అడిగితే ఆగుతానా? ఓడిపోయిన ఉమయ్యద్ రాకుమారుల్ని గెలిచిన అబ్బాసీలు రాజీ అని చెప్పి విందుకి పిలవడం, అందరూ నమ్మి రావడం, భోజనాల దగ్గర వాళ్ళని కొట్టి చంపడం, వాళ్ళ మీద తివాచీలు పరిచి వాటి మీదే విందు సాగించడం, చరిత్ర గ్రంథాల్లో ఎలా చెప్పారో అలాగే చెప్పాను. చెప్పే ఊపులో బల్ల మీద చెయ్యి కూడా చరిచాను. తల ఎత్తి చూశాను. మార్కెటింగ్ ఆయన ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆయన వెనకాలే మా ఆవిడ వేడి చారు గరిటె ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఆయన మెల్లగా కింద పరిచిన తివాచీ వైపు చూశాడు.

"తినేటప్పుడు ఆ కథలేమిటండీ" అంది మా ఆవిడ తెలుగులో. ఆయనకి ఆ తెలుగు ఇంకా అనుమానంగా వినిపించింది.

వరంగల్ అమ్మాయే గట్టెక్కించింది. "భయపడకండి. ఆ విందుకి పిలిచింది గెలిచినవాళ్ళు. ఇక్కడ పిలిచింది ఓడినవాళ్ళం" అంది ఇంగ్లీషులో. డీన్ గారు పడీపడీ నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, నన్ను అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"మీరెందుకు రాలేదు? మూడుసార్లు రాశాను కదా."

"వీలైతే రమ్మన్నారు కదండీ."

"నేను బతిమాలాను" అంది ఆవిడ. "మూడు మెయిళ్ళు! నా ఉద్యోగంలో ఎవరికీ మూడు రాయలేదు. మీ కుర్చీ ఖాళీగా ఉంచి పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టాం. ఈ కోర్సు ఉండాలి అని మీ నోటి నుంచి ఒక్క వాక్యం వచ్చి ఉంటే ఉండేది. మీరు రాకపోయేసరికి, మీకే వద్దేమో అనుకున్నాం."

చూశారా పిల్లలూ. ఆవిడ బతిమాలడం నాకు పొడి పలకరింపులా వినిపించింది. మా ఆవిడ మామూలు పిలుపు ఆవిడకి బెదిరింపులా వినిపించింది. మధ్యలో ఈ అమ్మాయి నాకు అర్థమయ్యేలా, రెండుసార్లు వచ్చి చెబితే, నేను దాన్ని క్లాసులో జోకు చేశాను.

అప్పుడు జీవితంలో మొదటిసారి ఒక డీన్ దగ్గర నోరు తెరిచి అడిగాను. "నా కోర్సు పోతే పోయింది. నాకెలాగూ రిటైర్మెంట్ దగ్గరపడింది. ఈ అమ్మాయి మాత్రం నా బద్ధకం వల్ల వెళ్ళిపోకూడదు. పర్మిట్ ఆగస్టుతో అయిపోతుంది. మీకు తెలిసిన చోట్ల ఎక్కడైనా చెప్పండి. వీలైతే అనడం లేదు. చెప్పి తీరాలి."  అమ్మాయి ప్లేటు వైపే చూస్తూ కూర్చుంది.

డీన్ గారు వెంటనే మాట ఇవ్వలేదు. దేశానికి పడమటి కొసన, బర్నబీలో కొండ మీద ఒక యూనివర్సిటీలో తన పాత స్నేహితురాలు ఉందని, ఇస్లామిక్ చరిత్ర చెప్పేవాళ్ళ కోసం వెతుకుతోందని మాత్రం అంది. సోమవారం పొద్దున్నే ఫోన్ చేసిందట. మార్కెటింగ్ ఆయన కూడా కొత్త హెడ్డు హోదాలో ఒక సిఫారసు ఉత్తరం రాశాడు. ఆయన రాసిన ఉత్తరం నేను చదివాను. ఒక సబ్బుని కూడా ఎవరూ అంత బాగా పొగడరు. ఇంటర్వ్యూలు రెండయ్యాయి. జూలై చివర్లో బర్నబీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, పర్మిట్ నిలబడింది.

ఉమయ్యద్‌ల కథలో కూడా ఒక్కడు తప్పించుకుంటాడు. యూఫ్రటీస్ ఈదుకుని, ఏళ్ళ తరబడి దాక్కుంటూ పడమటి కొసకి, స్పెయిన్‌కి చేరి, అక్కడ మళ్ళీ రాజ్యం నిలబెడతాడు. విమానాశ్రయంలో అమ్మాయిని దింపుతూ ఈ సంగతి గుర్తుచేశాను. "తెలుసు సార్, ట్యుటోరియల్‌లో నేనే కదా చెప్పేది" అంది. ఉంచుకొమ్మన్న ఆ పుస్తకం మళ్ళీ చేతిలో పెట్టాను, ఈసారి తిరిగివ్వలేదు.

నేను ఆ మరుసటేడు రిటైరయ్యాను. మార్కెటింగ్ ఆయన ఆ విందు ఘట్టాన్ని కంపెనీల విలీనం పాఠంలో చెబుతున్నాడట, పిల్లలు బాగా వింటున్నారట. నాకు మాత్రం కొత్త జబ్బు పట్టుకుంది. ఎవరు "వీలైతే రండి" అన్నా వెళ్ళిపోతున్నాను. వీధి చివర చెట్టు కొమ్మలు కొట్టాలా వద్దా అని సిటీ వాళ్ళు మీటింగ్ పెడితే వెళ్ళిన పౌరుణ్ణి నేనొక్కణ్ణే. రెండు గంటలు నా అభిప్రాయం విన్నారు పాపం.

మొన్న వసంతకాలంలో మా ఇంటి బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆ అమ్మాయి. టొరంటోలో ఏదో సదస్సుకి వచ్చి, అట్నుంచి బస్సెక్కి వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె.

"బర్నబీలో పక్కింటి ఆంటీని అడిగి తెచ్చిన, ఆంటీ. నాకు పెట్టడం రాదు, మీరే పెట్టుకోండి" అని మా ఆవిడకి ఇచ్చి, నా వైపు తిరిగింది. "సార్, మీ కోర్సు మా దగ్గర మొదలైతుంది. నా మొదటి క్లాసులకి మీరు రావాలె. మెయిల్ పెడితే రారని మనిషినే వచ్చిన."

మా ఆవిడ బొట్టు పెట్టుకుని, ఆ పిల్ల తల నిమిరి, లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. 

వెళ్ళాను. కొండ మీద క్లాసురూము, బయట వాన. వెనక బెంచీలో కూర్చున్నాను. అమ్మాయి ఖొరాసాన్ ఉత్తరాల దాకా వచ్చింది. నాలాగా బల్ల చరచలేదు. నెమ్మదిగా చెప్పింది. ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తి, "అన్ని ఉత్తరాలు రాస్తే ఖలీఫా ఎందుకు కదల్లేదు?" అని అడిగింది.

"వెనకాల మా సార్ ఉన్నారు, ఆయన్ని అడగండి. ఆయనకి దగ్గర్నుంచి తెలుసు" అంది మా అమ్మాయి.

లేచి నిలబడ్డాను. ఉత్తరాది అరబ్బులు, దక్షిణాది అరబ్బులు, సిరియాలో తగాదాలు, ఇన్నేళ్ళుగా చెప్పిన కారణాలన్నీ నాలిక చివరే ఉన్నాయి. "చదివాడమ్మా" అన్నాను. "చదివి, అంత అవసరమైతే మళ్ళీ రాస్తాడులే అనుకున్నాడు."

ఆ పిల్ల శ్రద్ధగా రాసుకుంది. రాసుకుని, "ఇది ఏ గ్రంథంలో ఉంది?" అని అడిగింది.

"నా మెయిల్ బాక్సులో ఉంది" అన్నాను.